పిక్కలు అదరడం సరే, ఆ నొప్పి మాత్ర ఎవరు రాశారు?

ప్రశ్న: నాకు 22 ఏళ్ళు. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర పల్లె. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం మూడు నెలలుగా రెండు పూటలా పరుగు తీస్తున్నాను. ఇంటికొచ్చి కూర్చున్నాక పిక్కలు, తొడలు వాటంతటవే అదురుతున్నాయి. ఒళ్ళు నొప్పులకు మందుల షాపులో ఇచ్చిన మాత్ర రోజూ వేసుకుంటున్నాను. ఇది నరాల జబ్బా? మెగ్నీషియం మాత్రలు వాడవచ్చా?

జవాబు: అలసిన కండరం అదురుతుంది. కన్ను అదిరితే శకునం చూసుకుని ఊరుకుంటాం గానీ, పిక్క అదిరితే ఫోనులో పెద్ద పెద్ద జబ్బులన్నీ వెతుకుతాం. నిద్ర చాలకపోయినా, టీ కాఫీలు ఎక్కువైనా ఇది పెరుగుతుంది. బలం తగ్గకుండా ఉత్త అదురు మాత్రమే ఉంటే, మీ వయసులో చాలావరకు ప్రమాదం ఉండదు. చూడకుండా ఇంతకు మించి చెప్పలేను. పాదం ఈడ్చినట్టవుతున్నా, ఒక కాలు సన్నబడుతున్నా న్యూరాలజిస్టుకు చూపించండి.

నన్ను ఆపింది ఆ మాత్ర. రోజూ ఒకటి, మూడు నెలలు! అదీ ఉద్దానం కుర్రాడు! కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు డయాలసిస్‌కు తిరుగుతున్న మనిషి లేని ఊరు ఉందా? అక్కడి కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు, నొప్పి మాత్రలే తెచ్చాయని నేనూ అనను. కానీ చెమటతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా చూసే రసాయనాలను డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మందులు అణిచేస్తాయి. ఎండలో పరుగెత్తి, నీళ్ళు సరిగా తాగకుండా ఆ మాత్ర వేసుకోవడం ఏ ఊరివాళ్ళకూ మంచిది కాదు. మీ ఊరివాళ్ళకు అసలే వద్దు. ఈ రోజే ఆపండి. కాగితంలో పొట్లం కట్టి ఇస్తే అందులో ఏముందో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

రెండు రోజులు పరుగు మాని, ఆ తర్వాత రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది ఇదే), పొటాషియం, కాల్షియం, థైరాయిడ్ చూపించండి, మూత్రపరీక్ష కూడా. పరుగెత్తి వెంటనే రక్తం ఇస్తే అంకెలు పెరిగి కనిపించి, అనవసరంగా భయపడతారు. మీ ప్రాంతపు జబ్బు మొదట్లో బీపీ పెంచదు, మూత్రంలో ప్రొటీన్ కూడా అంతగా పోదు. కాబట్టి మూత్రపరీక్ష బాగుందని క్రియాటినిన్ మానేయకండి.

మెగ్నీషియం అడిగారు. కిడ్నీ పనితీరు తెలియకుండా వద్దు, అది బయటికి పోవాల్సింది కిడ్నీ ద్వారానే. ఇంటి చుట్టూ తోటలున్నాయని కొబ్బరి నీళ్ళు కూడా చెంబులకొద్దీ తాగకండి, వాటిలో పొటాషియం ఎక్కువ. రిపోర్టు బాగుంటే ఆ భయం అక్కర్లేదు. అప్పటిదాకా మంచినీళ్ళు, ఉప్పేసిన మజ్జిగ, చోడి అంబలి చాలు. ఎండెక్కకముందే పరుగు ముగించండి, వారానికి ఒక రోజు కాళ్ళకు సెలవివ్వండి.

మూత్రం డికాక్షన్ రంగులో వస్తే మాత్రం నా జవాబు కోసం చూడకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ఒక్క పిక్కే వాచి నొప్పిగా ఉన్నా అంతే.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ మాత్రల పొట్లం కూడా తీసుకెళ్ళండి. చాలామంది దాన్ని ఇంట్లో వదిలేసి, ‘తెల్ల మాత్రండీ’ అంటారు.