మూడేళ్ల తర్వాత ఇండియా వెళ్తున్నావా? ముందు డబ్బు సంగతి చూసుకో

ప్రశ్న: అక్కా, మేం డల్లాస్ వచ్చి మూడేళ్లయింది. మొదటిసారి ఇండియా వెళ్తున్నాం, నాలుగు వారాల సెలవు దొరికింది. మాది తెనాలి, మావారిది కరీంనగర్. రెండువైపులా చుట్టాలు ఎక్కువే, హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ కూడా ఉన్నారు. అందరినీ ఎలా కవర్ చేయాలి? ఎవరికేం తీసుకెళ్లాలి?

జవాబు: నాలుగు వారాలన్నావు. జెట్ లాగ్‌కీ ప్రయాణాలకీ ఒక వారం తీసెయ్. మిగతా మూడు వారాల్లో అందరినీ "కవర్" చేయాలనుకుంటే నీకు చుట్టాలు కనపడరమ్మా, కారు డ్రైవరు వీపు కనపడుతుంది. నువ్వు అడగాల్సిన అసలు ప్రశ్న అడగలేదు. మొత్తం ఎంతవుతుంది? ఇక్కడ పాల డబ్బా ఏ షాపులో పావు డాలరు తక్కువో వెతికే పిల్లలు, ఇండియా ట్రిప్పు అనగానే లెక్క మర్చిపోతారు. నేనూ అంతే కాబట్టి చెప్తున్నాను.

నా మొదటి ట్రిప్పు 2008లో. శంషాబాద్ ఎయిర్‌పోర్టు తెరిచిన ఏడాదే. పిల్లలు లేరు, స్కూలు సెలవులతో పనిలేదు, అయినా అందరితో పాటు మేమూ వేసవిలోనే బయల్దేరాం. టికెట్లు క్రెడిట్ కార్డు మీద. ఇప్పటికీ మే చివరి నుంచి ఆగస్టు మొదటి దాకా, మళ్లీ డిసెంబరు మధ్య నుంచి, ఇద్దరికి పెట్టే డబ్బుతో మిగతా రోజుల్లో ముగ్గురు వెళ్లొచ్చు. మీకు బడికెళ్లే పిల్లలు లేకపోతే ఫిబ్రవరి చూడు. టికెట్ చవక, ఎండ ఉండదు, మాఘమాసం కాబట్టి పెళ్లిళ్లుంటాయి. మూఢం గానీ పడిందేమో అమ్మనడిగి పంచాంగం చూపించుకో. పెళ్లిళ్ల సంగతి ఎందుకు ఎత్తానో కింద చెప్తాను.

ఇక సామాను. మనిషికి రెండు సూట్‌కేసులు, ఒక్కోటి ఇరవై మూడు కిలోలు. ఎయిర్‌లైన్ ఇంత బరువు ఇచ్చిందంటే అంతా నింపాలనే అనుకున్నాను. చాక్లెట్లు, బాదం, పిస్తా, సెంటు సీసాలు, హ్యాండ్‌బ్యాగులు, మగవాళ్లకు బెల్టులు. తెనాలిలో ఇంటికి చేరిన సాయంత్రమే హాల్లో చాప వేసి అన్నీ పరిచాను. చుట్టుపక్కల అందరూ వచ్చారు. మా పెద్దమ్మ ఒక చాక్లెట్ ప్యాకెట్ అందుకుని, నేను గీకడం మర్చిపోయిన ధర స్టిక్కరు చూసి, మనసులోనే 42 పెట్టి గుణించింది. అప్పుడు డాలరు అంతే ఉండేది. "ఇంత పోసి కొన్నావా, ఇదే మన గుంటూరులో దొరుకుతుందే" అంది. ప్యాకెట్ మాత్రం కింద పెట్టలేదనుకో. లోపల చాక్లెట్లు మే ఎండకి ముద్దయిపోయి, కాగితం ఏదో చాక్లెట్ ఏదో తెలియకుండా ఉన్నాయి. మర్నాడు వచ్చిన మేనత్తకి సెంటు అయిపోయింది. ఆవిడకి బదులుగా అమ్మ తన పట్టుచీర తీసి పెట్టింది. చవక సరుకు పంచబోయి ఖరీదైన చీర పోగొట్టుకున్న తెలివితేటలు మావి.

ఇప్పుడు నా పద్ధతి ఇది. అమ్మానాన్నలకి, అత్తామామలకి, తోడబుట్టినవాళ్లకి మాత్రమే ఇక్కడినుంచి తీసుకెళ్తాను, అదీ ఏం కావాలో అడిగి. మిగతా అందరికీ అక్కడే కొంటాను. ఆడవాళ్లకి తెనాలిలోనో విజయవాడలోనో ఒకే షాపులో ఒకే ధరలో చీరలు, రంగులు వేరు. ధర ఒకటే కావడం ముఖ్యం. ఒక వదినకి ఎక్కువ, ఇంకో వదినకి తక్కువ పెడితే అది పదేళ్ల దాకా పెళ్లి పందిళ్లలో వినపడుతుంది. ఫోన్లు తెమ్మనేవాళ్లుంటారు. "కస్టమ్స్‌తో గొడవ" అని చెప్పి తప్పించుకో. బంగారం, ఎలక్ట్రానిక్స్ ఎంతవరకు తీసుకెళ్లొచ్చో కస్టమ్స్ సైట్‌లో ఉంటుంది. అవి మారుతుంటాయి, వెళ్లేముందు చూసుకో.

ఆ ట్రిప్పులో ఇంకో పని చేశాం. అద్దె కారు మాట్లాడుకుని చుట్టాల ఇళ్లన్నీ తిరిగాం. తెనాలిలో పొద్దున్నే బయల్దేరి పొన్నూరు, బాపట్ల, చీరాల, దారిలో ఉన్న ఊళ్లన్నీ. ప్రతి ఇంట్లో కాఫీ, "చిక్కిపోయావే", "అక్కడ చలెక్కువంటగా", బొట్టు పెట్టి జాకెట్ ముక్క, మళ్లీ కారు. మాట మొదలయ్యేలోపు మావారు వాచీ చూసుకునేవారు. కిలోమీటర్ల లెక్క, డ్రైవరు బత్తా, టోలు, అతని భోజనం, అన్నీ కలిపితే ఆ ఒక్కరోజు ఖర్చు మా అమెరికా ఇంటి నెల కరెంటు బిల్లు దాటింది. పోనీ, ఎవరైనా సంతోషపడ్డారా అంటే అదీ లేదు. "వచ్చారు, నిలబడి పోయారు" అన్నారు.

పెళ్లి సంగతి ఇందుకే చెప్పాను. చుట్టాల్లో ఒక పెళ్లికి కలిసొచ్చేలా టికెట్ తీసుకో. పెళ్లిలో అందరూ ఒకేచోట ఉంటారు, భోజనం వాళ్లదే, నీకయ్యేది చదివింపులు. ఆ కవరు ఎంత ఉండాలో నువ్వు నిర్ణయించకు, మీ నాన్నని అడుగు. ఆ ఇంటి నుంచి మీ పెళ్లికి ఎంత వచ్చిందో ఆయన పుస్తకంలో రాసుంటుంది. దానికి కాస్త పైన వెయ్యి, మరీ పైన వద్దు. మొదటిసారే పెద్ద అంకె వేస్తే అదే రేటు స్థిరపడిపోతుంది. పెళ్లికి రాలేని పెద్దవాళ్ల ఇళ్లకి మాత్రం విడిగా వెళ్లు, వెళ్తే రాత్రి ఉండు. రేపల్లెలో మా నాయనమ్మ చెల్లెలు ఉండేది. మంచం పక్కన కూర్చోబెట్టుకుని నా చేతి గాజులు వేలితో తిప్పుతూ జీతమెంత, అద్దెంత, మిగిలేదెంత అని అడిగింది. నిజం చెప్పాను. తెల్లారి బయల్దేరుతుంటే నాకే ఐదువందలు చేతిలో పెట్టింది. తీసుకున్నాను. అలాంటివి కాదనకూడదు.

మీ అత్తగారి వైపు ఆనవాయితీలు ముందే తెలుసుకో. కరీంనగర్ వైపు ఒడిబియ్యం, అంటే పుట్టింటివాళ్లు ఆడపిల్ల ఒడిలో బియ్యం పోసే వేడుక, చేయించుకుని రమ్మనొచ్చు. ఆ ఖర్చు మీ పుట్టింటివాళ్ల మీద పడుతుంది, బియ్యం ఒక్కటే కాదు, చీరలు, భోజనాలు. వాళ్లకి ఆలస్యంగా తెలిస్తే అప్పు చేసైనా చేస్తారు, నీకు చెప్పరు. రెండు ఊళ్లకీ సెలవు చెరిసగం పంచుకోండి, దీంట్లో బేరాలొద్దు. హైదరాబాద్ నుంచి కరీంనగర్ నూట అరవై కిలోమీటర్లే, బస్సులుంటాయి. తెనాలికి రైలెక్కు. లింగంపల్లి నుంచి తిరుపతి వెళ్లే నారాయణాద్రి తెనాలిలో ఆగుతుంది. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి తేదీ గుర్తుపెట్టుకుని కూర్చో. సంక్రాంతికి కారులో మాత్రం వెళ్లకు. విజయవాడ హైవే మీద పంతంగి టోల్ దగ్గర నిలబడటానికేనా ఇంత దూరం వెళ్లేది?

డబ్బు ఎలా తీసుకెళ్లాలో నువ్వు అడగలేదు, నేనే చెప్తాను. అమెరికా రాకముందు వాడిన సేవింగ్స్ ఖాతా ఇంకా అలాగే ఉంటే దాన్ని విదేశాల్లో ఉండేవాళ్లకి ఇండియాలో వచ్చే డబ్బు పడే ఖాతా, అంటే ఎన్‌ఆర్‌ఓగా మార్పించు, ఇక్కడ సంపాదించింది పంపడానికి ఎన్‌ఆర్‌ఈ తెరువు. ఇప్పుడు అమెరికా నంబరు మీద కూడా ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకి యూపీఐ పెట్టుకోవచ్చు. మీ బ్యాంకు ఇస్తుందో లేదో ఇక్కడుండగానే కనుక్కో. కొబ్బరిబోండాల బండి దగ్గర కూడా క్యూఆర్ కోడ్ ఉంటుంది, ప్రతిదానికీ తమ్ముణ్ని స్కాన్ చేయమంటే వాడెన్నాళ్లు మొహమాటపడతాడు? 2026 జనవరి నుంచి నగదు, మనీ ఆర్డర్, క్యాషియర్ చెక్ ఇచ్చి పంపేవాటికి ఇక్కడ 1 శాతం పన్ను పడుతోంది. బ్యాంకు ఖాతా నుంచి పంపితే అది లేదు. నెలనెలా కొంత ఎన్‌ఆర్‌ఈలో వేస్తూ పో, ట్రిప్పు నాటికి అందులో ఎంతుందో అంతే ఖర్చు. నా మొదటి ట్రిప్పు కార్డు బాకీ తీరేసరికి మళ్లీ సంక్రాంతి వచ్చింది. అప్పటినుంచి ఈ ఖాతా దాటి రూపాయి పెట్టలేదని గర్వంగానే చెప్పుకుంటాను, మావారు దీన్ని పిసినారితనం అంటారు.

చేబదులు అడుగుతారు. తప్పకుండా అడుగుతారు. ఒకరికి "చూద్దాంలే" అన్నానంటే ఇస్తానని అర్థం చేసుకుని ఆయన స్థలానికి బయానా ఇచ్చేశాడు. లేదు అనాలనుకుంటే అక్కడే, నవ్వుతూ, లేదు అను. ఇవ్వాలనిపిస్తే తిరిగి రాదనుకుని ఇవ్వు, ఎవరికీ చెప్పకు.

ఫ్రెండ్స్‌ని గచ్చిబౌలిలో రాత్రి డిన్నరుకి పిలవకు. బిల్లు రాగానే అందరికీ ఒకేసారి ఫోన్లో మెసేజ్ వస్తుంది. నువ్వు అమెరికా నుంచి వచ్చావు కదా, ఆ నల్ల ఫోల్డరు నీ వైపే జరుగుతుంది. వాళ్లలో సగం మంది జీతాలు ఇప్పుడు మీ ఇద్దరి మిగులు కంటే ఎక్కువని గుర్తుపెట్టుకో. ఆదివారం పొద్దున టిఫిన్‌కి కలువు. ఇడ్లీ, పెసరట్టు, రెండేసి కాఫీలు, పదకొండు దాకా కబుర్లు. నా కాలేజీ స్నేహితులతో ఇప్పటికీ ఇలాగే కలుస్తాను, పిల్లల్ని వెంటేసుకుని కూడా వస్తారు.

పాస్‌పోర్టులో అమెరికా వీసా వేయించుకునే పని (స్టాంపింగ్) ఉంటే నానక్‌రామ్‌గూడలో కాన్సులేట్ స్లాట్ దొరికాకే టికెట్ కొను, వీలైతే మొదటి వారంలోనే పెట్టుకో. పత్రాల లిస్టు వాళ్ల సైట్‌లో ఉంది. రిటర్న్ మాత్రం తేదీ మార్చుకోవడానికి వీలున్న టికెట్టే తీసుకో, కాస్త ఎక్కువైనా. పాస్‌పోర్టు ఆలస్యమై టికెట్ పోగొట్టుకుని, కొత్తది ఆ పూట రేటుకి కొన్నవాళ్లని మా వీధిలోనే చూశాను. ఈ ఒక్కచోట నీ కార్డు గీకినా నేనేమీ అనను.