ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) రేకుతో అతుకు వేస్తే తుప్పు ఆగుతుందా?

ప్రశ్న: నా కారు పాతది. డ్రైవర్ కాళ్లు పెట్టే చోట ఫ్లోర్‌కి చిల్లులు పడితే రెండేళ్ల కిందట మామూలు రేకుతో అతుకు వేయించాను. ఇప్పుడు ఆ అతుకూ పోయింది. నా దగ్గర 1 మి.మీ. మందం ఉన్న 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ షీటు ముక్క ఒకటి ఉంది. ఈసారి దాంతో వేయిస్తే ఇక తుప్పు గొడవే ఉండదని నా ఆలోచన. వెల్డింగ్ చేసే అతను వద్దంటున్నాడు కానీ ఎందుకో సరిగ్గా చెప్పడం లేదు. మీరేమంటారు?

జవాబు: ఆయన మాట వినండి. మీ ఎస్ఎస్ ముక్కకి తుప్పు పట్టదు, నిజమే. దాని చుట్టూ ఉన్న పాత రేకుకి పడుతుంది, అదీ ఇంతకు ముందు కంటే త్వరగా.

ఎందుకంటే, 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. ఆ క్రోమియం గాలి తగలగానే కంటికి కనిపించని పల్చటి పొరగా ఏర్పడి లోపలి ఇనుమును కాపాడుతుంది, గీత పడినా ఆ పొర మళ్లీ తనే కట్టుకుంటుంది. కారు బాడీ రేకుకి అలాంటి రక్షణ లేదు, దాన్ని కాపాడాల్సింది పెయింటూ జింకు పూతే. ఈ రెండు లోహాలూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నచోట తడి చేరితే అక్కడ చిన్న బ్యాటరీ తయారైనట్టే. అందులో కరిగిపోయేది ఎప్పుడూ బలహీనమైనదే, అంటే మీ ఫ్లోర్. నీళ్లలో ఉప్పు కలిస్తే ఇది ఇంకా జోరుగా సాగుతుంది.

ఇలాంటిది ఒకటి నేను దగ్గర నుంచి చూశాను. కార్పెట్ లేపితే అరచేయంత ఎస్ఎస్ ముక్క కొత్త గిన్నెలా తళతళలాడుతోంది, దాని చుట్టూ వేలు వెడల్పున గోధుమరంగు పొడి పేరుకుని ఉంది, స్క్రూడ్రైవర్ మొన ఆనించి కాస్త నొక్కితే అట్టముక్కలోకి దిగినట్టు దిగిపోయింది. ముక్క చెక్కుచెదరలేదు, దాన్ని పట్టుకుని ఉండాల్సిన రేకు లేదు.

చాలామంది పొరపాటు పడే సంగతి ఇంకోటి ఉంది. ఎస్ఎస్‌కి ఎలాగూ తుప్పు రాదు కదా అని దాన్ని అలాగే వదిలేసి పాత రేకుకి మాత్రం పెయింట్ వేస్తారు, అది మరీ ప్రమాదం. ఆ పెయింట్ ఎక్కడో చిన్న గీత పడి లేచిపోతే, అంత పెద్ద ఎస్ఎస్ ముక్క ప్రభావమంతా ఆ గీత మీదే పడుతుంది, అక్కడే గబగబా చిల్లు పడుతుంది. కాబట్టి ఎక్కడైనా ఎస్ఎస్ వాడక తప్పకపోతే ముందు పూత వేయాల్సింది దానికే, కాకపోతే నున్నటి దాని మీద పూత నిలవదు, గరుకు కాగితంతో బాగా రుద్ది ఎపాక్సీ ప్రైమర్ (పెయింట్ కింద వేసే గట్టి పూత) కొట్టాలి.

ఇక వెల్డింగ్. 304 మామూలు ఉక్కు కంటే వేడికి దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ సాగుతుంది, వేడిని పక్కకి పంపడం మాత్రం దాదాపు మూడో వంతే. వేడి ఒకేచోట నిలిచిపోయి సన్నటి రేకు అలలు తిరిగిపోతుంది. సుత్తితో సరిచేద్దామంటే కొట్టేకొద్దీ గట్టిపడుతుంది. మామూలు ఉక్కుకి వాడే మిగ్ వెల్డింగ్ వైరుతో అతికితే అతుకు పెళుసుగా మారి పగులుతుంది, రెండు రకాల ఉక్కుల్ని కలపడానికి 309ఎల్ అనే స్టెయిన్‌లెస్ వైరు కావాలి, దానికి తగిన గ్యాసూ కావాలి. పాత రేకు మీద జింకు పూత ఉంటే అతుకు చుట్టూ పూర్తిగా గీకేయాలి, లేదంటే కరిగిన జింకు ఎస్ఎస్‌లోకి చొచ్చుకుపోయి పగుళ్లు తెస్తుంది. అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టేది పొగ. స్టెయిన్‌లెస్ వెల్డింగ్ పొగలో హెక్సావలెంట్ క్రోమియం ఉంటుంది, అది క్యాన్సర్ కారకం. కారు లోపల తల దూర్చి చేసే పని కదా, అతని ఊపిరితిత్తుల గురించి కూడా ఆలోచించండి.

అసలు మీరు అడగాల్సిన ప్రశ్న, పాత అతుకు రెండేళ్లకే ఎందుకు పోయింది అని. అక్కడికి నీళ్లు ఎక్కడి నుంచో వస్తున్నాయి. ముందు అద్దం రబ్బరు, తలుపు రబ్బరు, ఏసీ నీళ్ల గొట్టం, మూసుకుపోయిన డ్రెయిన్ రంధ్రాలు చూడండి. వర్షం లేని రోజు కార్పెట్ కింద చేయి పెట్టి తడి ఉందేమో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. తర్వాత తుప్పు రేకు అంతా కత్తిరించేసి, మెరిసే గట్టి రేకు వచ్చేదాకా వెళ్లి, ఫ్లోర్ ఎంత మందం ఉందో అంత మందం మామూలు ఉక్కు రేకే వేయించండి. అతుకు మీద ఎపాక్సీ ప్రైమర్, అంచుల వెంట సీలెంట్, పైనా కిందా పెయింట్. చేయి దూరని లోపలి వైపుకి వ్యాక్స్ స్ప్రే చేయాలి, అది మాత్రం అన్నీ అయ్యాకే, ముందే కొడితే వెల్డింగ్ నిప్పుకి అంటుకుంటుంది. చిల్లు సీటు బోల్టుల దగ్గరో, సీటు బెల్టు బిగించే చోటో ఉంటే అతుకుతో సరిపెట్టకండి, ఆ భాగం మొత్తం మార్చాలి.

ప్రశ్న: వెల్డింగ్ లేకుండా ప్యానెల్ గమ్‌తో (బాడీ రేకులు అతికించే గమ్) ఎస్ఎస్ ముక్క అతికించవచ్చా? మడ్‌గార్డ్ కింది అంచుకి.

జవాబు: అక్కడైతే పర్వాలేదు, అది బరువు మోసే భాగం కాదు. పైగా మధ్యలో గమ్ పొర ఉంటుంది కాబట్టి లోహాలు నేరుగా తాకవు. రెండు వైపులా గరుకు చేసి, నూనె జిడ్డు తుడిచి, గమ్ పొర అంతటా సమంగా పరుచుకునేలా అతికించండి. అల్యూమినియం పాప్ రివెట్లు మాత్రం కొట్టకండి. ఎస్ఎస్ పక్కన అవే ముందు కరిగిపోతాయి, ఆ రంధ్రంలోంచి నీళ్లు దిగుతాయి.

ప్రశ్న: మరి డెలోరియన్ కారు బాడీ అంతా స్టెయిన్‌లెస్ స్టీలే అంటారు కదా, దానికి రాని సమస్య మనకెందుకు?

జవాబు: మంచి ప్రశ్న. 1981లో వచ్చిన ఆ కారుకి పైన కనిపించే ప్యానెళ్లు 304 రకమే, కానీ అవి ఉన్నది ఫైబర్‌గ్లాస్ బాడీ మీద. కింద ఛాసిస్ మాత్రం మామూలు ఉక్కుకి ఎపాక్సీ పూత. ఆ కార్లు ఉంచుకున్నవాళ్లు ఇప్పటికీ తుప్పు కోసం వెతికేది ఆ ఛాసిస్ మీదే, పూత లేచిన చోట. ప్యానెళ్లకి పెయింట్ లేదు కాబట్టి సొట్ట పడితే పుట్టీ పెట్టి కప్పేయడానికీ వీల్లేదు, వాటి మీది సన్నటి గీతల మెరుపు చెడకుండా సొట్ట తీయడం చాలా ఓపికతో కూడిన పని.

మీ దగ్గరున్న ఆ షీటు ముక్కని బ్యాటరీకి వేడి తగలకుండా అడ్డుగానో, సైలెన్సర్ దగ్గర షీల్డ్‌గానో వాడుకోండి. సైలెన్సర్లలో 409 లాంటి స్టెయిన్‌లెస్ రకాలు మామూలుగా వాడుతూనే ఉంటారు. బ్యాటరీ దగ్గర పెడితే టెర్మినళ్లకి తగలకుండా చూసుకోండి, తగిలితే షార్ట్ అవుతుంది.