కారుకు జీపీఎస్ కొనబోతున్న మేనకోడలికి

చిరంజీవి బుజ్జమ్మకు చిత్తూరు నుంచి మీ అత్త ఆశీస్సులు.

నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. నీకు పలమనేరు, కుప్పం వైపు పల్లెలు తిరిగే పోస్టింగ్ వచ్చిందనీ, దానికోసం సెకండ్ హ్యాండ్ కారు కొన్నావనీ, ఇప్పుడు దానికి జీపీఎస్ పెట్టించాలని తిరుపతిలో షాపులు తిరుగుతున్నావనీ ఒకటే మురిసిపోతూ చెప్పాడు. మన ఇంట్లో ఆడపిల్ల సొంతంగా కారు నడుపుకుంటూ ఉద్యోగానికి పోవడం నీతోనే మొదలు. నాకూ గర్వంగానే ఉంది. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. మీ మామ ట్రావెల్స్ నడిపినన్నాళ్లూ ఆఫీసు టేబుల్ దగ్గర కూర్చున్నది నేనే కదా. స్టీరింగ్ ఎప్పుడూ పట్టుకోలేదు గానీ, దారి తప్పిన ప్రతి డ్రైవరూ ఫోన్ చేసేది నాకే.

ముందు షాపువాళ్ల సంగతి. పెద్ద తెర ఉన్న ఆండ్రాయిడ్ స్టీరియో బిగించుకోండి మేడం, సినిమాలు కూడా చూడొచ్చు అంటారు. కారు నడిపేదానికి సినిమా ఎందుకే? తెర మీద మనసు పడితే పెట్టించుకో, కాదనను. కానీ కారు వైర్లు కత్తిరించి అతికిస్తామంటే మాత్రం ఒప్పుకోకు. నీ మోడల్‌కు సరిపోయే కప్లర్, అంటే వైర్లు కత్తిరించకుండా కలిపే ప్లగ్గు దొరుకుతుంది, దాంతోనే బిగించమను. ఇంకొకటి, ఆ స్టీరియోతో పాటు చిన్న జీపీఎస్ యాంటెన్నా వైరుతో సహా వస్తుంది. పని తొందరగా తెమలాలని దాన్ని డ్యాష్‌బోర్డు లోపల ఇనుప పట్టీల మధ్య ఎక్కడో కుక్కేస్తారు. అట్ల చేస్తే సిగ్నల్ సరిగ్గా అందదు. దానికి ఆకాశం కనపడాలి. డ్యాష్‌బోర్డు పైన, ముందు అద్దం కింద అతికించమని దగ్గరుండి చేయించుకో.

అద్దానికి తగిలించే విడి నావిగేటర్లు ఇప్పుడు కొనేవాళ్లు తక్కువ. కొంటే మాత్రం మ్యాపు అప్‌డేట్లు ఎన్నాళ్లు ఉచితమో అడుగు. కువైట్ నుంచి ఎవరో తెచ్చారని చవగ్గా ఇస్తే తీసుకోకు, అందులో మన దేశం మ్యాపు ఉండకపోవచ్చు.

నన్నడిగితే నీ పాత ఫోను, ఒక గట్టి హోల్డరు, మంచి ఛార్జర్ చాలు. హోల్డర్‌ను ఏసీ గాలి తగిలే చోట పెట్టు. మన మే నెల ఎండకు అద్దం మీద ఫోను కాలిపోయి తెర మసకబారిపోతుంది, సరిగ్గా మలుపు దగ్గర. వెళ్లే మండలాల మ్యాపులన్నీ ఇంట్లో వైఫై ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకో. అడవిలో సెల్ టవర్ లేకపోతే జీపీఎస్ పనిచేయదని మీ నాన్న అనుకుంటున్నాడు. అది తప్పు. ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాన్ని ఫోను ఊరికే వింటుంది, తిరిగి ఏమీ పంపదు. దానికి సిమ్ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు. నాలుగు ఉపగ్రహాలు అందితే నువ్వు ఎక్కడున్నావో లెక్క కట్టేస్తుంది. టవర్ లేకపోతే రానిది మ్యాపు బొమ్మ, ట్రాఫిక్ సమాచారం.

ఇస్రో నావిక్ కూడా ఉంది కాబట్టి రేటు ఎక్కువ అని కూడా చెప్తారు. నావిక్ అంటే జీపీఎస్ లాంటిదే, మన దేశం సొంతది. మన శ్రీహరికోట నుంచి పోయిన ఉపగ్రహాలదే, మొదటిది 2013 జులై 1 రాత్రి పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మీద వెళ్లింది. ఇప్పుడు శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలోనే ఉంది, ఆ గొప్ప మనదే. కానీ అమెరికా వాళ్ల జీపీఎస్, రష్యా వాళ్ల గ్లోనాస్, యూరప్ గెలీలియో, ఇవన్నీ అందుకునే ఫోన్లు ఇప్పుడు మామూలే. నావిక్ ఉంటే మంచిదే, అదొక్కదాని కోసం అదనంగా వేలు పోయొద్దు. ఎన్ని ఉపగ్రహాలు అందినా అవి చెప్పేది నువ్వు ఎక్కడున్నావో అంతవరకే. ముందున్న రోడ్డు ఎట్లా ఉందో వాటికేం తెలుసు?

అందుకే ఈ ఉత్తరం. స్మార్ట్‌ఫోన్లు ఇంతగా లేని రోజుల్లో మీ మామ అరచేయంత నావిగేటర్ ఒకటి తెచ్చాడు. కంపెనీ పేరు ఎందుకులే. ఊళ్లో ఇంకే ట్రావెల్స్‌లోనూ లేదని దాన్ని ఆఫీసులో అందరికీ చూపించాడు. అందులో తొందరగా చేరే దారి, తక్కువ కిలోమీటర్ల దారి అని రెండు రకాలుంటే, డీజిల్ మిగులుతుందని రెండోది పెట్టాడు. పెట్టి, ఆ మాట డ్రైవర్లకు చెప్పలేదు.

వానాకాలం. కాణిపాకంలో దర్శనం చేయించుకుని యాత్రికుల్ని తిరుపతికి తీసుకురావాలి. డ్రైవరు నెల్లూరు వైపు పిల్లాడు, కొత్తగా చేరాడు, మన దారులు తెలియవు. పాకాల మీదుగా పెద్ద రోడ్డు ఉండగా ఆ పెట్టె పల్లెల్లోకి తిప్పింది. కొంచెం దూరం తగ్గుతుంది, అంతే దాని లెక్క. పిల్లాడు నమ్మి పోయాడు. చీకట్లో ఒక వాగు, దాని మీద కాజ్‌వే, అంటే నేలబారు వంతెన. పైన వాన పడి నీళ్లు కాజ్‌వే మీద పారుతున్నాయి. హెడ్‌లైట్ల వెలుగులో పారే నీళ్లు తడిసిన తారురోడ్డులాగే కనిపిస్తాయి బుజ్జమ్మా, అది గుర్తుపెట్టుకో. ముందు చక్రాలు దిగాక గానీ అతనికి అర్థం కాలేదు. ఇంజను ఆగిపోయింది. పెట్టె మాత్రం నేరుగా వెళ్లమని చెప్తూనే ఉందట.

ఆ రాత్రి నేను ఆఫీసులో ఉన్నా. వాడి ఫోను కలవదు. ఈలోగా వాళ్లమ్మ ఆఫీసుకు ఫోన్ చేసింది, మావాడు భోంచేశాడా అని. దారిలో ఉన్నాడమ్మా అన్నాను. ఇంకేం చెప్పను? మళ్లీ చేసింది, మళ్లీ అదే మాట చెప్పాను. పక్క పల్లెవాళ్లు ట్రాక్టర్ తెచ్చి బండిని వెనక్కి లాగారు. యాత్రికులు చేతులు పట్టుకుని దిగి ఒడ్డున నిలబడ్డారు, ఎవరికీ ఏమీ కాలేదు. తెల్లారి మీ మామ ఆ పిల్లాణ్ణి కళ్లు లేవా అని తిట్టాడు. వాడు తల దించుకుని విన్నాడు. సెట్టింగ్ సంగతి తర్వాత ఎప్పుడో బయటపడింది. ఇప్పటికీ మీ మామను అడిగితే డ్రైవర్ చూసుకోవాలి కదా అంటాడు. కానీ ఆ నెల వాడి జీతంలో కోత పెట్టనివ్వలేదు. ఎందుకో నేను అడగలేదు.

ఇప్పటి మ్యాపుల్లోనూ పెట్రోలు తక్కువ తాగే దారి చూపించే సెట్టింగ్ ఉంది, ఆపేసెయ్. ఇన్నాళ్లూ స్కూటీ మీద తిరిగావు కాబట్టి నీ మ్యాపు బైక్ మోడ్‌లోనే ఉండి ఉంటుంది. అది కారు పట్టని సందుల్లోకి, చేల గట్ల మీదికి తీసుకుపోతుంది. మొట్టమొదట కారు బొమ్మకు మార్చుకో. బయల్దేరే ముందు దారి మొత్తం ఒకసారి తెర మీద చూడు. ఏ ఊళ్ల మీదుగా పోతోందో నీకే తెలియాలి. పెద్ద రోడ్డు వదిలి సన్నగీత మీదికి పోతుంటే ఎందుకని అనుమానించు. 2021 నవంబరులో స్వర్ణముఖి ఎట్ల పొంగిందో, రాయలచెరువు కట్ట ఏమవుతుందోనని కింద పల్లెలు ఎట్ల ఖాళీ చేయించారో చూశావు కదా. నీళ్లు రోడ్డు మీద ఉంటే లోతు చూద్దామని కూడా దిగకు. వెనక్కి తిప్పు. ఆఫీసు పని రేపు చేసుకోవచ్చు.

ఊరి పేరు కొట్టేటప్పుడు జిల్లా కూడా చూసుకో. పుత్తూరు అని మాత్రమే కొడితే చెయ్యి విరిగినవాణ్ణి కట్టు కట్టించడానికి కర్ణాటక పుత్తూరుకు తీసుకుపోయినా పోతుంది. కొత్తపల్లెలు, రామాపురాలు సరేసరి. తిరుపతిలో ఫ్లైఓవర్ దగ్గర నువ్వు పైన ఉన్నావో కింద ఉన్నావో దానికి తెలియక తికమక పడుతుంది, అక్కడ బోర్డులు చదువుకో. మొగిలి ఘాట్‌లో తెర వైపు చూడొద్దు, తెలుగు మాట పెట్టుకుని విను. పలమనేరు అడవి రోడ్డు మీద చీకటి పడ్డాక ఏనుగులు దాటుతుంటాయి, ఏ మ్యాపూ వాటిని చూపించదు. పొద్దుండగానే ఇల్లు చేరేలా పని ముగించుకో. రోజూ బయల్దేరగానే లొకేషన్ మీ అమ్మకు షేర్ చెయ్యి. ఎవరైనా ఫోన్ చేస్తే దారిలో ఉంది అని చెప్పడం కాదు, ఎక్కడుందో ఆమె చూడగలగాలి.

వచ్చే ఆదివారం కారు చూపించడానికి వస్తావని మీ నాన్న అన్నాడు. పాకాల మీదుగా పెద్ద రోడ్డులో రా. మీ నాన్నను వెనక సీట్లో కూర్చోబెట్టు. ముందు కూర్చుంటే ఫోను ఒక దారి, ఆయన ఇంకో దారి చెప్తారు, నువ్వు ఎవరి మాటా వినలేవు.

మీ అత్త