టెక్ సందేహాలు: అన్నింటికీ 4.4 రేటింగే, ఎక్కడికి వెళ్లాలి?

డేటింగ్ యాప్‌లో పరిచయమైన అమ్మాయిని ఆదివారం మొదటిసారి కలుస్తున్నాను. బ్రంచ్ అనుకున్నాం. నేను కొండాపూర్, తను బంజారాహిల్స్. మధ్యలో జూబ్లీహిల్స్‌లో చూద్దామంటే, ఏ యాప్ తెరిచినా అన్నింటికీ 4.3, 4.4 రేటింగే. ఎలా తేల్చుకోవాలి?

ఇదే ప్రశ్న ఊళ్లూ పేర్లూ మారి వస్తూనే ఉంది. ముందు ఆ అంకెను పక్కన పెట్టండి. రివ్యూలను కొత్తవి పైకి వచ్చేలా మార్చి చదవండి. ‘ఫలానా తమ్ముడు చాలా బాగా సర్వ్ చేశాడు’ అని వెయిటర్ పేరుతో సహా మెచ్చుకున్న అయిదు నక్షత్రాలు వరసగా కనిపిస్తే, చాలావరకు అవి బిల్లు తెచ్చినప్పుడు పక్కన నిలబడి రాయించుకున్నవే. డబ్బిచ్చి రాయించిన రివ్యూలు ప్రచురించకూడదని 2022 నవంబరులో భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) తెచ్చిన ప్రమాణం ఐఎస్ 19000 చెబుతోంది. కాకపోతే పాటించడం, పాటించకపోవడం కంపెనీల ఇష్టానికి వదిలేశారు. ఇక చెప్పేదేముంది!

నేనైతే మూడు నక్షత్రాలవే చదువుతాను. అలా ఇచ్చినవాళ్లు ఏసీ పనిచేయలేదనో, పార్కింగ్‌కి అరగంట పట్టిందనో పనికొచ్చే మాట రాస్తారు. ఆ తర్వాత జనం పెట్టిన వీడియోలు సౌండ్ పెంచి చూడండి. పక్క టేబుల్ మాటలు వినపడితే సరే, డీజే తప్ప ఇంకేం వినపడకపోతే ఆ చోటు మీకొద్దు. మొదటిసారి కలిసేది మాట్లాడుకోవడానికి కదా. బఫే ధర చూసేటప్పుడు కింద చిన్న అక్షరాల్లో ‘పన్నులు అదనం’ అని ఉందేమో చూడండి. మామూలు రెస్టారెంట్‌లో జీఎస్టీ 5 శాతం, ఖరీదైన స్టార్ హోటల్‌లో 18 శాతం.

డేటింగ్ యాప్‌లో పరిచయమైన అమ్మాయిని కలవాలి, చోటు తనే చెప్పింది. మాదాపూర్‌లో ఏదో కొత్తదట. మ్యాప్స్‌లో ఫొటోలు కూడా పెద్దగా లేవు. వద్దంటే బాగోదేమో?

బాగోకపోయినా ఫర్వాలేదు, వద్దనండి. నాకు వచ్చే ఉత్తరాల్లో అన్నిటికంటే భయపెట్టేవి ఇవే. 2024 జూన్‌లో మాదాపూర్‌లోని ఒక పబ్ వాళ్లను పోలీసులు అరెస్టు చేసింది ఈ తరహా మోసానికే. డేటింగ్ యాప్‌లో అమ్మాయి పరిచయమవుతుంది, తనకు తెలిసిన చోటికే తీసుకెళ్తుంది, ఖరీదైన డ్రింకులు చకచకా ఆర్డర్ చేస్తుంది, ఏదో ఫోన్ వచ్చిందంటూ లేచి వెళ్లిపోతుంది. వేలల్లో బిల్లు, గుమ్మం దగ్గర బౌన్సర్లు మిగులుతారు. ఢిల్లీలోనూ ఇలాంటివి చాలా బయటపడ్డాయి. పరువు పోతుందని చాలామంది నోరు మూసుకుని కట్టేసి వస్తారు. మోసగాళ్ల ధైర్యం కూడా అదే.

మీ స్నేహితురాలు అలాంటిదని అనడం లేదు. పరీక్ష తేలిక. ‘పెద్దమ్మగుడి మెట్రో దగ్గర ఇంకో చోటుంది, అక్కడ కలుద్దామా?’ అని అడగండి. మామూలు మనిషి ‘సరే’ అంటుంది, లేదా మూడో చోటు చెబుతుంది. కాదు, అక్కడికే రావాలని పట్టుబడితే ఆ రోజు ఇంట్లో పెసరట్టు తినండి. ధరలతో ఉన్న మెనూ కార్డు ఫొటో ఒక్కటీ దొరకని చోటికి ఎవరు పిలిచినా వెళ్లొద్దు. బ్యాంకు యాప్‌లో కార్డు ఖర్చు పరిమితి ముందే తగ్గించి పెట్టుకోండి. అప్పటికే ఇరుక్కుంటే అక్కడే కూర్చుని 112కి ఫోన్ చేయండి, బిల్లు మాత్రం చేజారనివ్వొద్దు.

నేను కలవబోయే అబ్బాయికి నా పేరు, ఫొటో తప్ప ఏమీ తెలియదు. అక్క లైవ్ లొకేషన్ పెట్టమంటోంది. అది చాలా?

అక్కకు పెట్టండి, వాట్సాప్‌లో 8 గంటల వరకు ఉంటుంది. కానీ ‘ఏమీ తెలియదు’ అన్నారే, అక్కడే నాకు అనుమానం. మ్యాప్స్‌లో ఇన్నాళ్లూ రాసిన రివ్యూలు మీ అసలు పేరుతో, అదే ఫొటోతో ఉన్నాయేమో చూసుకోండి. వీధి చివర టైలర్, రోజూ వెళ్లే జిమ్, ఆఫీసు కింద టీ కొట్టు, అపార్ట్‌మెంట్ పక్కన డెంటిస్ట్... ఈ నాలుగూ కలిపి చూస్తే మీ ఇల్లు ఏ సందులో ఉందో చెప్పడానికి డిటెక్టివ్ అక్కర్లేదు. పేరు, ఫొటో మార్చేయండి. ఇంటి చుట్టుపక్కల రివ్యూలు తొలగించండి. ఇలాంటి వివరాలు మొదటి నుంచే దాచి ఉంచాల్సింది పోయి, ‘మీ రివ్యూను ఇంతమంది చూశారు’ అని సంబరపడమంటూ నోటిఫికేషన్లు పంపే యాప్‌లను ఏమనాలో!

క్యూఆర్ మెనూ స్కాన్ చేస్తే ఫోన్ నంబరు, ఓటీపీ అడిగింది. ఇవ్వొచ్చా?

ఇడ్లీ ధర చూడటానికి ఓటీపీ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కొవిడ్ కాలంలో మెనూ కార్డు ముట్టుకోకూడదని మొదలైన ఏర్పాటు ఇది. కొవిడ్ పోయింది, స్టిక్కరు మిగిలింది. ఇప్పుడది మీ నంబరును ఆఫర్ల మెసేజ్‌లు పంపేవాళ్ల చేతిలో పెట్టే పనిలో ఉంది. బిల్లు వేయడానికి మొబైల్ నంబరు ఇచ్చి తీరాలని పట్టుబట్టొద్దని వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లోనే దుకాణాలకు చెప్పింది. పైగా ఎదురుగా కొత్త మనిషి కూర్చుని ఉండగా ఇద్దరూ తలలు దించుకుని పీడీఎఫ్ జూమ్ చేసుకుంటూ ఉండాలి. స్కాన్ చేశాక యాప్ ఇన్‌స్టాల్ చేయమంటే మాత్రం వెంటనే మూసేయండి.

సర్వీస్ ఛార్జీదీ ఇదే వరస. అడగకుండానే బిల్లులో కలిపేస్తారు. కలపకూడదన్న మార్గదర్శకాలు 2022 నుంచి ఉన్నాయి, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. తీసేయమంటే తీసేస్తారు, మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. మెనూ విషయానికి వస్తే, కాగితం కార్డు అడగండి. చాలాచోట్ల కౌంటర్ కింద దొంతరగా పెట్టి ఉంచుతారు, అడిగినవాళ్లకే తీసి ఇస్తారు.