యాప్‌లో పుప్పొడి తక్కువే... మరి ఈ తుమ్ములేమిటి?

ప్రశ్న: ఫోన్‌లో అనంతపురానికి పుప్పొడి ‘తక్కువ’ అని వస్తోంది. అదే రోజు బెంగళూరుకు ‘మధ్యస్థం’. అక్కడున్న మా అమ్మాయి హాయిగానే ఉంది. వానలు మొదలైనప్పటి నుంచీ నాకే తుమ్ములు ఆగడం లేదు. ఆ లెక్కల్ని నమ్మొచ్చా? (ఒక పాఠకురాలు, అనంతపురం)

జవాబు: పుప్పొడిని నిజంగా లెక్కించాలంటే మేడ మీద ఒక యంత్రం పెట్టాలి. అది నిమిషానికి 10 లీటర్ల గాలి పీల్చి, గంటకు 2 మిల్లీమీటర్ల చొప్పున జరిగే జిగురు టేపు మీదికి వదులుతుంది. ఆ టేపును మైక్రోస్కోపు కింద పెట్టి, ఏ రేణువు ఏ మొక్కదో గుర్తుపట్టి, ఘనపు మీటరుకు ఎన్నో తేలుస్తారు. చాలా యాప్‌లకు ఈ తతంగమేదీ ఉండదు. వాతావరణం, పచ్చదనం చూసి అంచనా కడతాయి. ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) సంగతి వేరు. అది దుమ్మును, పొగను, వాయువులను కొలుస్తుంది తప్ప పుప్పొడి ఎంతో చెప్పదు.

పైగా ‘ఎక్కువ’ అన్న మాటకు ఒక్కో రకానికి ఒక్కో హద్దు. అమెరికాలో వాడే కొలమానంలో గడ్డి పుప్పొడి ఘనపు మీటరుకు 20 ఉంటేనే ‘ఎక్కువ’. బూజు రేణువులైతే 6,500 దాకా ‘తక్కువే’. యాప్‌లు చాలావరకు చెట్లు, గడ్డి, కలుపు దగ్గరే ఆగిపోతాయి. వానలు పడ్డాక మన సీమలో పట్టించుకోవలసిన బూజు వాటి లెక్కలోకే రాదు. ఎండుటాకుల మీద పెరిగే ఆల్టర్నేరియా, క్లాడోస్పోరియం అనే బూజుల రేణువులు ఎండకాసి గాలి వీచే పగటిపూట లేస్తాయి. తడి ఉంటేనే విడుదలయ్యే రకాలు వాన వెలిసిన రాత్రి, తెల్లవారుజామున ఎక్కువ. అందుకని రెండు వారాలు ఒక పని చేయండి: తుమ్ములు ఏ గంటకు మొదలయ్యాయి, అప్పుడు వానా ఎండా, మీరు ఇంట్లోనా బయటా అని రాసుకోండి. అలర్జీ డాక్టరుకు ఆ కాగితం యాప్ కంటే ఎక్కువ పనికొస్తుంది. చర్మ పరీక్ష చేస్తామంటే, అలర్జీ బిళ్లలు వారం ముందు ఆపాలేమో అడగండి. బిళ్ల ప్రభావం ఉండగా చేస్తే పరీక్షలో ఏమీ తేలదు.

ప్రశ్న: శెనక్కట్టె వామి తీసి గొడ్లకు వేసిన రోజు మా నాయనకు సాయంత్రానికి చలిజ్వరం, దగ్గు, ఆయాసం. మర్నాటికి తగ్గిపోతుంది. మందుల షాపులో అలర్జీ బిళ్లలిస్తున్నారు. (పులివెందుల పాఠకుడు)

జవాబు: ఇది తుమ్ముల అలర్జీలా లేదు. బూజుపట్టిన మేత ధూళి ఊపిరితిత్తుల్లోకి దిగితే 4 నుంచి 8 గంటల తర్వాత సరిగ్గా ఇలాగే ఉంటుంది. దీన్ని ‘ఫార్మర్స్ లంగ్’ అంటారు. ఏళ్ల తరబడి సాగితే ఊపిరితిత్తులు గట్టిపడతాయి. అలర్జీ బిళ్ల దీన్ని ఆపదు. ఛాతీ డాక్టరుకు చూపించి, వామి సంగతి మీరే ముందుగా చెప్పండి. లేకుంటే వైరల్ జ్వరమనుకునే ప్రమాదముంది.

పచ్చి ఆరకముందే వామి వేస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది. చెయ్యి దూర్చి చూడండి: వెచ్చగా, ముక్కిన వాసనతో ఉంటే అదే. ఆకు నలిపితే పొడి అయ్యేదాకా ఆరబెట్టి, రాళ్ల మీద ఎత్తుగా వేయాలి. తీసేటప్పుడు గాలి వీపుకు తగిలేలా నిలబడాలి. మూతికి తువ్వాలు కట్టుకుంటే లాభం లేదు, ఆ రేణువులు ఒకటి నుంచి మూడు మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఎన్95 మాస్కు రెండు పట్టీలూ తగిలించి, ముక్కు దగ్గర నొక్కి పెట్టుకోవాలి. గడ్డం ఉంటే పక్కల నుంచి గాలి దూరుతుంది. అసలు, ఆయనకు కొన్నాళ్లు ఆ పని తప్పించడమే మేలు.

ప్రశ్న: మార్చిలో కూలర్ వేయగానే తుమ్ములు, ముక్కిన వాసన. (కర్నూలు)

జవాబు: నిరుటి గడ్డి మెత్తలు పారేయండి, కడిగి వాడొద్దు. తొట్టిని సబ్బుతో తోమి, లీటరు నీళ్లకు 50 మిల్లీలీటర్ల బ్లీచ్ ద్రవం కలిపి 10 నిమిషాలు ఉంచి బాగా కడగండి. బాత్రూం యాసిడ్‌తో మాత్రం కలపొద్దు, విషవాయువు వస్తుంది. తర్వాత వారానికోసారి నీళ్లు పూర్తిగా తీసేయాలి. ఆపే ముందు పంపు కట్టేసి 20 నిమిషాలు ఫ్యానొక్కటే తిప్పితే మెత్తలు ఆరతాయి. ఎదురు కిటికీ తెరిచి ఉంచండి, మూసిన గదిలో తేమ గోడలకెక్కుతుంది.

ప్రశ్న: పక్క ప్లాటు నిండా వయ్యారిభామ (అలర్జీ తెప్పించే పార్థీనియం కలుపు). ఏం చేయాలి? (ప్రొద్దుటూరు)

జవాబు: పూత రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు వేళ్లతో సహా పీకించండి. గ్లవ్స్, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. చర్మ అలర్జీ ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు. మొక్క ఏదీ వేయని చోటైతే లీటరు నీళ్లకు 200 గ్రాముల ఉప్పు కలిపి, ఎండ రోజున ఆకులు తడిసేలా కొట్టొచ్చు. మొలిచిన నెలకే పూస్తుంది కాబట్టి, వాన పడ్డ ప్రతిసారీ మూడు వారాల్లోపు మళ్లీ చూడాలి.