విషయం ఉంది, ప్రశ్న ఏది?

ప్రశ్న: నేను బి.ఏ. చరిత్ర చివరి సంవత్సరం చదువుతున్నాను. పదిహేను పేజీల పరిశోధన వ్యాసం సమర్పించాలి. ‘19వ శతాబ్దపు లండన్‌లో కలరా’ అని రాసి ఇస్తే, ఇది విషయమే కాని ప్రశ్న కాదంటూ మా అధ్యాపకులు తిప్పి పంపారు. ఆ తరువాత రెండు ప్రశ్నలు తయారు చేసుకున్నాను. ఒకటి: ‘కలరా లండన్ సమాజాన్ని ఎలా ప్రభావితం చేసింది?’ రెండు: ‘డాక్టర్ జాన్ స్నో బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు హ్యాండిల్ తీయించకపోయి ఉంటే ఎంతమంది చనిపోయేవారు?’ వీటిలో దేన్ని తీసుకోమంటారు?
– ఒక విద్యార్థిని

జవాబు: రెండింటినీ పక్కన పెట్టమనే చెబుతాను, అయితే కారణాలు వేరువేరు. మొదటి ప్రశ్నకు పదిహేను పేజీలు కాదు, పదిహేను వందల పేజీలైనా చాలవు. ఆ శతాబ్దంలో లండన్‌ను కలరా 1832లో, 1848-49లో, 1853-54లో, 1866లో పట్టి పీడించింది. మీరు అడుగుతున్నది వీటిలో దేని గురించి? సమాజం అంటే మురికివాడల్లోని కూలీలా, వైద్యులా, నీటి కంపెనీల యజమానులా, పార్లమెంటు సభ్యులా? అన్నిటికంటే చిక్కు తెచ్చేది ‘ప్రభావితం చేసింది’ అనే మాట. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో తేల్చుకోని విద్యార్థులందరూ ఆ మాట నీడన చేరతారు, కాబట్టి మీ ప్రశ్నలోంచి దాన్ని కొట్టివేసి, ఆ చోట ఒక కచ్చితమైన క్రియాపదాన్ని పెట్టడానికి ప్రయత్నించండి. ఒప్పుకున్నారా, తిరస్కరించారా, ఖర్చుపెట్టారా, వలస పోయారా అని రాయవలసి వచ్చేసరికి, కర్త ఎవరో కాలం ఏదో మీకే తెలిసి వస్తుంది.

రెండవ ప్రశ్న చదవడానికి ఆసక్తిగానే ఉంది కాని, దానికి జవాబు చెప్పగల పత్రం ఏ గ్రంథాలయంలోనూ దొరకదు. పైగా అందులో ఒక నమ్మకం దాగి ఉంది. హ్యాండిల్ తీయడం వల్లనే మరణాలు ఆగాయని మీరు ముందే అనుకున్నారు. బ్రాడ్ స్ట్రీట్ ప్రాంతంలో వ్యాధి 1854 ఆగస్టు 31 రాత్రి విజృంభించింది, పంపు నీరే కారణమని స్నో చెప్పడంతో హ్యాండిల్ తీసింది సెప్టెంబరు 8న. ఆపాటికే జనం ఇళ్లు వదిలి పారిపోవడంతో మరణాలు బాగా తగ్గిపోయాయని స్వయంగా స్నోయే రాశారు. ప్రశ్నలో ఇలా చొరబడిన ఊహలను పట్టుకోవడానికి ఒక సులువైన పని చేయండి. ప్రశ్నను ‘ఇది నిజమని అనుకుంటే’ అనే మాటలతో మొదలుపెట్టి తిరిగి రాయండి. ఆ ‘ఇది’ ఏమిటో కాగితం మీద పడగానే, దాన్ని ముందు రుజువు చేయాలో వదిలేయాలో నిర్ణయించుకోవచ్చు.

మరి మంచి ప్రశ్న ఎక్కడ దొరుకుతుంది? శూన్యంలో కూర్చుని ఆలోచిస్తే దొరకదు. కొంత చదివిన తరువాత, రెండు విషయాలు ఒకదానితో ఒకటి పొసగనట్టు కనిపించే చోట దొరుకుతుంది. మీ అంశంలోనే అలాంటి చోటు ఒకటి ఉంది. కలరా నీటి ద్వారా వ్యాపిస్తుందన్న తన వాదనకు స్నో 1855లో విస్తృతమైన ఆధారాలు పుస్తకంగా ప్రచురించారు. పంపుకు దగ్గరలోనే ఉన్న వర్క్‌హౌస్‌లో (నిరుపేదలను ఉంచి పని చేయించే ఆశ్రమం) 535 మంది ఉంటే అయిదుగురే చనిపోయారనీ, దానికి సొంత బావి ఉందనీ, పక్కనే ఉన్న బీరు కర్మాగారంలో పనివారు ఆ పంపు జోలికే పోలేదనీ అందులో ఉంది. అదే 1855లో, ప్రభుత్వ ఆరోగ్య సంస్థ అయిన జనరల్ బోర్డ్ ఆఫ్ హెల్త్ నియమించిన శాస్త్రీయ విచారణ కమిటీ ఆ ప్రాంతపు మరణాలను పరిశీలించి, ఈ నమ్మకాన్ని స్వీకరించడానికి తమకు కారణమేదీ కనిపించలేదని రాసింది. ఆ కమిటీలో విలియం ఫార్ కూడా ఉన్నారు. జననమరణాలను నమోదు చేసే రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయపు గణాంకవేత్తగా, మరణించినవారి చిరునామాలు స్నోకు అందేలా సహకరించిన వ్యక్తి ఆయనే. 1866లో తూర్పు లండన్‌లో వ్యాధి చెలరేగినప్పుడు నీటి సరఫరాను తప్పుపట్టినదీ ఆయనే.

ఇక్కడ సహజంగా తోచే ప్రశ్న ‘కమిటీ సత్యాన్ని ఎందుకు గుర్తించలేకపోయింది?’ అన్నది. అలా మాత్రం రాయకండి. కలరా సూక్ష్మజీవిపై రాబర్ట్ కోహ్ పరిశోధన 1883-84 నాటిది. ఆ తరువాతి జ్ఞానాన్ని చేతిలో పట్టుకుని 1855 నాటి వైద్యులకు మార్కులు వేయడం చరిత్ర రచన అనిపించుకోదు. కమిటీ ఏమందో దగ్గరగా చదివితే సంగతి ఇంకా రసవత్తరంగా ఉంటుంది. ఆరోపించిన విధంగా నీరు కలుషితమైందని రుజువు కాలేదన్నారు. బ్రాడ్ స్ట్రీట్ పంపు నీరు తాగినవారు, అదే ప్రాంతంలో వేరే నీరు తాగినవారికంటే ఎక్కువ నిష్పత్తిలో వ్యాధి పాలయ్యారని చూపే ఆధారం తమ ముందు లేదన్నారు. ఇది మూర్ఖుల మాట కాదు, నేటి పరిశోధకుడు కూడా అడగవలసిన మాటే. మొదట స్నోతో ఏకీభవించని స్థానిక మతాచార్యుడు హెన్రీ వైట్‌హెడ్ ఇల్లిల్లూ తిరిగి సరిగ్గా ఆ పోలికనే సేకరించి, చివరకు స్నో వైపు మొగ్గారు.

కాబట్టి మీ ప్రశ్న ఇలా ఉండవచ్చు: ‘1855లో శాస్త్రీయ విచారణ కమిటీ జాన్ స్నో వాదనను ఏ కారణాలు చూపి తిరస్కరించింది? వాటిలో సాక్ష్యాధారాల లోటు గురించిన అభ్యంతరాలు ఎన్ని, గాలి ద్వారా వ్యాధి వస్తుందన్న పూర్వ విశ్వాసం నుంచి వచ్చినవి ఎన్ని?’ రెండు వాక్యాలు కదా అని కంగారు పడకండి, రెండవది మొదటిదాని లోపలిదే. ఇందులో కాలం ఉంది, కర్తలున్నారు, చదవవలసిన పత్రాలేవో ప్రశ్నే చెబుతోంది, అన్నిటికీ మించి జవాబు ఇటూ రావచ్చు అటూ రావచ్చు. జవాబు ముందే తెలిసిన ప్రశ్న మీద వ్యాసం రాయడమంటే నిర్ణయం అయిపోయిన తరువాత సాక్షులను పిలవడమే.

స్నో పుస్తకం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కమిటీ నివేదిక పూర్తి పాఠం మీకు అందుతుందో లేదో ఈ వారమే చూసుకోండి. అందకపోతే ప్రశ్న ఎంత బాగున్నా దాన్ని మార్చక తప్పదు.

ప్రశ్న: ‘ఫ్రెంచ్ విప్లవానికి కారణాలు’ మీద రాద్దామనుకుంటే, దాని గురించి ఇప్పటికే వందల పుస్తకాలున్నాయని స్నేహితులు నిరుత్సాహపరుస్తున్నారు. కొత్త విషయమే వెతుక్కోవాలా?
– ఒక విద్యార్థి

జవాబు: విద్యార్థి వ్యాసానికి కొత్త విషయం అక్కరలేదు, మీరు స్వయంగా చదివి తేల్చగలిగినంత చిన్న ప్రశ్న ఉంటే చాలు. 1789లో ప్రతినిధుల సభ ఎన్నికల సందర్భంగా గ్రామగ్రామానా ఫిర్యాదు పత్రాలు రాశారు. ఉప్పు పన్ను కొన్ని ప్రాంతాల్లో విపరీతంగా ఉండేది, బ్రిటనీ వంటి ప్రాంతాలకు మినహాయింపు ఉండేది. పన్ను భారం పడిన కొన్ని గ్రామాలు తమ పత్రాల్లో దాన్ని రద్దు చేయమన్నాయా, తగ్గించమన్నాయా, అందరికీ సమానం చేయమన్నాయా అని అడిగితే, ‘కారణాలు’ అనే పెద్ద మాట వాడకుండానే ఆ చర్చలోకి అడుగుపెట్టినట్టే. అయితే ఆ పత్రాల్లో చాలా భాగం ఫ్రెంచ్‌లోనే ఉంది. మీకు ఫ్రెంచ్ రాకపోతే, అనువాదంలో దొరికే వాటికి సరిపడేలా ప్రశ్నను కుదించండి, లేదా వేరే ప్రశ్న చూసుకోండి.

ప్రశ్న: సగం వ్యాసం రాశాక ప్రశ్నను మార్చవచ్చా?
– మరొక విద్యార్థిని

జవాబు: మార్చవచ్చు, చాలాసార్లు మార్చాలి కూడా. ఆధారాలు వేరే దారి చూపితే ప్రశ్నను సవరించి, అప్పటికే రాసిన ప్రతి పేరాను కొత్త ప్రశ్నతో సరిచూసి, దానికి జవాబు చెప్పని పేరాలను ఎంత కష్టపడి రాసినా తీసివేయండి. రాయడం విసుగెత్తిందని మాత్రం మార్చకండి. అప్పుడు మార్చవలసింది ప్రశ్న కాదు, రోజూ రాసే వేళ.