మేనకోడలికి: పనితనాన్ని కొలిచే ముందు

చిరంజీవి సుమతికి,

మావయ్య ఆశీస్సులు. మీ సాఫ్ట్‌వేర్ బృందంలోని నలభై మందికి ఏయే నైపుణ్యాలు ఉన్నాయో, కొత్తగా తీసుకునేవారిలో ఏవి చూడాలో తేల్చే బాధ్యత నీకు అప్పగించారని అక్కయ్య ఫోనులో చెప్పగానే గర్వపడ్డాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నువ్వు పంపిన పట్టిక చూశాను. అరవై నైపుణ్యాలు, ఒక్కొక్కదానికి ఐదు మార్కులు! జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో నాలుగు మార్కులు వచ్చినవాడు సోమవారం ఉదయం ఏ పనిని ఒంటరిగా చేయగలడో అందులో ఎక్కడా లేదేమమ్మా?

ముందు పనులు రాసుకో, ఆ పనుల నుంచి నైపుణ్యాలు తియ్యి. 2000లో బ్రిటన్‌లో మొదలైన ఎస్‌ఎఫ్‌ఐఏ అనే, కంప్యూటర్ రంగపు నైపుణ్యాలను వర్ణించే చట్రాన్ని ఒకసారి చదువు. అందులో బాధ్యతకు ఏడు స్థాయిలున్నాయి. చెప్పిన పని చేయడం మొదటిదైతే, సంస్థ నడిచే దారిని నిర్ణయించడం ఏడోది. మనిషికి ఎంత తెలుసన్నదానితో ఆగకుండా, ఎంత చిక్కు పనిని ఎవరి పర్యవేక్షణ లేకుండా మోయగలడో అది అడుగుతుంది.

నేను అలా అడగలేదు. 1999 వేసవిలో, సంవత్సరాన్ని రెండంకెలతోనే రాసుకున్న పాత ప్రోగ్రాములు 2000 రాగానే తప్పు లెక్క వేయకుండా సరిచేయడానికి, కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష తెలిసినవారి కోసం కంపెనీలన్నీ ఎగబడుతున్న రోజుల్లో, అమీర్‌పేటలో కోర్సు పూర్తిచేసి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లను నేను ఇంటర్వ్యూ చేశాను. కోబాల్ ప్రోగ్రాంలో నాలుగు డివిజన్లు, అంటే భాగాలు, ఏవని అడిగితే మొదటివాడు గుక్క తిప్పుకోకుండా ఇంగ్లీషులో చెప్పేశాడు. రెండోవాడు తడబడ్డాడు. ఒక మార్పు గురించి వివరించినప్పుడు మాత్రం, "ఇది సరిగా కుదిరిందో లేదో ఏయే తేదీలతో పరీక్షిస్తారండీ?" అని తెలుగులోనే అడిగాడు. సమాధానం తెలియక మాట మారుస్తున్నాడనుకుని, కాగితం మీద 'కమ్యూనికేషన్ బలహీనం' అని రాసి పంపించేశాను.

మొదటివాడు వడ్డీ లెక్కల ప్రోగ్రాంలో సంవత్సరాన్ని నాలుగంకెలకు పెంచాడు. లీపు సంవత్సరమో కాదో తేల్చడానికి పాత ప్రోగ్రాం నాలుగుతో భాగించి చూసి ఊరుకునేది, 2000 విషయంలో అది సరిపోయేది కూడా. ఇతను శ్రద్ధగా, వందతో భాగింపబడే సంవత్సరం లీపు కాదన్న నియమాన్ని చేర్చి, నాలుగు వందలతో భాగింపబడితే లీపేనన్న మినహాయింపును మరిచాడు. 2000 ఫిబ్రవరి 29న ప్రోగ్రాం ఆ తేదీనే ఒప్పుకోలేదు. తెల్లవారేదాకా కూర్చుని సరిచేశాం. మర్నాడు మీటింగులో అందరూ ఆ కుర్రాడిని నిలబెట్టి అడుగుతుంటే, దాన్ని సరిచూసి సంతకం పెట్టినవాడిని నేనేనని, పరీక్షించే నేర్పు అతనికి ఉందో లేదో ఇంటర్వ్యూలో చూడనివాడినీ నేనేనని నోరు విప్పి చెప్పలేదు. రెండు నెలలకు అతను మానేశాడు. రెండోవాడి పేరు కూడా నాకిప్పుడు గుర్తులేదు. అతను అడిగిన ప్రశ్న మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

అందుకే నీకు గట్టిగా చెబుతున్నాను. తప్పు దాగిన చిన్న ప్రోగ్రాం ఇచ్చి, గంటన్నర సమయమిచ్చి, చదవమను, పరీక్షలు రాయమను. అందరికీ అదే ప్రోగ్రాం, అవే ప్రశ్నలు ఇవ్వు. తెలుగులో వివరిస్తామంటే వివరించనివ్వు. ఇద్దరు విడివిడిగా మార్కులు వేశాకే మాట్లాడుకోండి, లేకపోతే పెద్దగొంతువాడి మార్కే మిగులుతుంది. కోడ్‌ను ఇప్పుడు కృత్రిమ మేధే రాసిస్తోంది కనుక, ఇతరులు రాసినదాన్ని అనుమానంగా చదవగలిగే నేర్పుకు నీ పట్టికలో పెద్దపీట వెయ్యి. పాతవారు తమకు తామే వేసుకునే మార్కులను నమ్మకు. చివరిసారి ఆ నైపుణ్యాన్ని ఎక్కడ వాడారో అడుగు. ఈ లెక్కను జీతాల పెంపుకు ముడిపెట్టావంటే తమకు రానిదాన్ని ఒక్కరూ బయటపెట్టరు.

నీకు ఎనిమిదేళ్లప్పుడు మా ట్రాన్సిస్టర్ విప్పి, ఏ మర ఎక్కడిదో తెలిసేలా పళ్లెంలో వరసగా పెట్టుకున్నావు. నిన్ను తిట్టాను కానీ, ఆ పళ్లెం చూసి లోపల మురిసిపోయాను. ఆ వరసకు నీ అరవై గడులలో చోటెక్కడుందో వెతుకు.

పరీక్ష తయారయ్యాక ఎవరికీ ఇవ్వకముందు నాకు పంపించు. జావా రాని ముసలివాడు ఏ ప్రశ్న దగ్గర ఆగిపోతాడో రాసి పంపిస్తాను.

ఇట్లు,
మీ మావయ్య